వేలికి తగలని అతుకు

ఈ నట్టు ఇంత సులువుగా రావలసింది కాదు, రెండేళ్లు స్క్రాప్ యార్డులో ఎండకూ ఇసుకకూ పడి ఉన్న బండి, నట్టు తుప్పుతో కరుచుకుని ఉండాలి, ఎవరో దీన్ని ఓసారి విప్పి గ్రీజు పూసి మళ్లీ బిగించారు, పని తెలిసినవాడే, అనుకుంటూ ముత్యం బండి కింద వెల్లకిలా పడుకుని పానా తిప్పుతున్నాడు, ఈ ఎడారి దేశంలో, మెసైమీర్ అవతలి రేకుల షెడ్డులో పొద్దున తొమ్మిదికే ఇనుము కాలుతుంది, పైన ఆనందరావు సార్ కాగితం పట్టుకుని ఇంజను, గేర్‌బాక్సు, వెనక ఇరుసు అని ఒక్కొక్కటే చదువుతున్నాడు, రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు, కాకినాడ మనిషి, ఇంగ్లండు నుంచి పెట్టెలో తెప్పించుకున్న పైపుల చట్రం, ఫైబరు తొడుగు ఆ మూలన ఉన్నాయి, ఈ పాత బండి లోపలి సామానంతా తీసి వాటికి బిగిస్తే సొంత చేతుల కారు అవుతుందట, మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం ఒడ్డునే అల్ రువైస్ దాకా పోవాలయ్యా, ఒప్పుకుంది కానీ ఇన్సూరెన్సు కాగితాలు ఎక్కడున్నాయో చెప్పి ఎక్కమంది అని నవ్వుతున్నాడు, చాయ్ తాగుతున్న ఫోర్మన్ ఇస్హాక్ భాయ్ కూడా నవ్వి, యల్లా ముత్యం, పోస్టుమార్టం ఎంతసేపు చేస్తవ్‌రా, సచ్చిన బండి లేశి ఉర్కదు, జల్ది ఇప్పు అన్నాడు, నిజామాబాద్ నాలుక, ఊరుకోదు.

ఎడమ లోయర్ ఆర్మ్, చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి, విరిగి రెండు ముక్కలుగా వచ్చింది, విరిగిన ముఖాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు, సగం నున్నగా నల్లగా, సగం గరుకుగా పటిక బెల్లంలా పలుకులు పలుకులుగా ఉంది, అంటే ఒక్క దెబ్బకు విరగలేదు, నల్లటి సగం నెలల తరబడి నెమ్మదిగా చీలుతూ వచ్చింది, మిగిలిన సగం చివరి రోజున తెగింది, కుడివైపుది మాత్రం నిండుగా ఉంది, బొటనవేలితో నిమిరితే ఎక్కడా ఏదీ తగల్లేదు, వెనక్కి తిప్పితే మురికి కింద మూడు పసుపు రంగు చుక్కలు.

బాపు పెట్టేవాడు మూడు చుక్కలు, ఊళ్లో కొలిమిలో ఇనుప పట్టా కొసలు తెల్లగా కాల్చి, ఇసుక చల్లి, సమ్మెటతో కొట్టి కలిపి, చల్లారాక బొటనవేలితో నిమిరి, అతుకు వేలికి తగిలిందా అది కమ్మరి పని కాదు బిడ్డా అని, పసుపు తడిపి మూడు వేళ్లు అద్దితే గానీ ఎడ్లబండి చక్రాన్ని వాకిలి దాటనిచ్చేవాడు కాదు, ఇక్కడ పసుపు లేక ముత్యం పెయింటు పెట్టేవాడు, అయితే ఇది, ఎండకు బూడిదైన ఈ నలుపు, నంబరు పలక లేదు, సీట్లు లేవు, ఇది ముఖ్తార్ బండి, బోధన్ ముఖ్తార్, స్టోర్ కీపర్, శుక్రవారం శుక్రవారం లేబర్ క్యాంపుకు వచ్చి తనను ఎక్కించుకుని పోయేవాడు, కొత్త సామాను రావడానికి నెల పడుతుంది, డ్యూటీకి బండి కావాలె, నువ్వే అతుకు అన్నాడు, రెండువైపుల ఆర్ములకూ బీటలే, ముత్యం వెల్డింగు కొట్టి, ఆ ఉబ్బు చూసి సిగ్గుపడి, గ్రైండర్ పట్టి వేలికి తగలకుండా అరగదీశాడు, అందరూ మెచ్చుకున్నారు.

అల్ ఖోర్ రోడ్డు మీద పట్టపగలు ముందు చక్రం మడుచుకుపోయి బండి దొర్లింది, ముఖ్తార్ కాలు నుజ్జయింది, డ్యూటీ దిగి వస్తూ స్టీరింగు మీదే నిద్రపోయాడని కంపెనీ రాసి ఇంటికి పంపింది, ఆస్పత్రిలో చెయ్యి పట్టుకుని, నువ్వన్న నమ్ము ముత్యం, అల్లా సాక్షి, నాకు కన్ను గూడ మూతపడలే అన్నాడు, దానికి తనేమన్నాడు, నిద్ర ఎవలికి జెప్పి రాదే అన్నాడు, ఓదార్పుగానే అన్నాడు, ముఖ్తార్ చెయ్యి వదిలేశాడు, మళ్లీ ఫోను చెయ్యలేదు.

ఆనందరావు వంగి చూసి, అబ్బ, కుడిది ఎంత నున్నగా ఉందయ్యా, కొత్తదానిలా, దీన్నే పెట్టేద్దాం, ఎడమకు ఇంకోటి వెతుకుదాం అంటున్నాడు, ఎవరికీ తెలియదు, ఎవరి వేలికీ తగలదు, చెబితే పని పోతుంది, వీసా పోతుంది, పోలీసులంటే ఇంకేం పోతుందో, రంగు తుడిచే థిన్నర్ గుడ్డ చేతికి అందే దూరంలోనే ఉంది, అందుకున్నాడు, ఒక చుక్క తుడిచాడు, పోయింది, రెండోదాని మీద గుడ్డ ఆగింది, ఇన్సూరెన్సు కాగితాలు ఎక్కడున్నాయో అడిగిన ఆ తల్లి, ముఖం కూడా ఎరగడు, పక్క సీట్లో కూర్చుని సముద్రం చూస్తుంది.

బండి కింది నుంచి జరిగి లేచి ఆర్మ్ ఆయన ముందు పెట్టాడు, సార్, నీ బొటనేలు ఇక్కడ వెట్టు, ఏమన్న తగుల్తుందా అన్నాడు, ఏం తగలట్లేదే అన్నాడాయన, తగలాలె సార్, ఇక్కడ అతుకున్నది, నేనే అతికిన, నేనే అరగదీసిన, దీన్ని పెట్టకు అన్నాడు, ఇస్హాక్ భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టి, ఏం మాట్లాడుతున్నవ్‌రా, ఎవని బండి ఇది అంటున్నాడు, ముత్యానికి ఆ మాట దూరంగా వినిపిస్తున్నది, బాపు ఇనుము నిజంగానే కలిసిపోయేది, అందుకే వేలికి తగిలేది కాదు, తనది కలవలేదు, కలిసినట్టు కనబడేలా చేశాడు అంతే, ఉబ్బులోనే ఉన్న బలాన్ని అందం కోసం తీసి పారేసి పైన చుక్కలు పెట్టాడు, ఎడమది ఆ అతుకు దగ్గరే తెగింది, ముఖ్తార్ బండి భాయ్ అన్నాడు, అని, మిగిలిన రెండు చుక్కల వైపు చూశాడు, ముఖ్తార్ ఆ రోజు నిద్రపోలేదు.