సారు తెర మీద కైలాసం

చచ్చినోడు ఓటేసుడు మనకు కొత్త కాదు. చచ్చినోడు తన పెండ్లాన్ని పోటీ చెయ్యకుండ అడ్డం పడుడు మాత్రం ఎనభై ఎనిమిదిలనే చూసినం.

మట్టెవాడలో మాది సాంచెల సంఘం. కరెంటు మగ్గాలనే సాంచెలంటం. పనిచేసేటోళ్ళల్ల సగం మంది ఆడోళ్ళు. అధ్యక్షుని కుర్చీల కూసునేది మాత్రం నూలిచ్చే షావుకారి మనిషి సిద్దిరాములు. ఈసారి సంఘం ఎన్నికలల్ల రాజవ్వను నిలబెట్టాలని పట్టుపట్టినం. ఆమె మొగడు కైలాసం నూలు దుమ్ము మింగి మింగి పోయిన ఏడు దవాఖానల చచ్చిపోయిండు. ఆయన సభ్యత్వం ఆమె పేరు మీదికి మారితేనే ఆమె నిలబడొచ్చు. నామినేషన్ల ఆఖరు రోజు, సుబేదారిల ఉన్న సహకార ఆఫీసుల గుమస్తా సారంగపాణి మా ముందట్నే కంప్యూటర్ల పేరు మార్చిండు. "అయిపోయిందవ్వా, పో" అన్నడు.

పక్క గదిల ఎన్నికల అధికారి రాజేశ్వర్ రావు. ఏసీ, పరదాలు, కింద తివాచీ. దేవునర్రకు పోయినట్టు చెప్పులు బయట ఇడిచి పోవాలె. మూడింటికి నామినేషన్లు బంద్. అప్పటికే రెండు దాటింది.

ఆయన తన తెర చూసి తల అడ్డం ఊపిండు. "సభ్యుడు కైలాసం. రాజవ్వ ఎవరు?"

"నేనే సారూ. కైలాసం పోయి ఏడాదాయె."

"కంప్యూటర్ల ఉన్నడు గదా."

"అట్లయితే జర బయటికి పిలువుండ్రి. ఇంటికి తోల్కపోత."

మేమంతా పక్కున నవ్వినం. ఆయన మొఖం ఎర్రగైంది. సారంగపాణి ఉరికొచ్చిండు. "సార్, నా తెర మీద మారింది సార్."

"నీది గుమస్తా తెర. నాది ఆఫీసర్ తెర. ఏది ఖరారు?"

సారంగపాణి రెండడుగులు ఎనక్కి జరిగిండు. ఆ ఆఫీసుల కుర్చీకి పెద్ద చిన్న ఉన్నది, చాయ్ కప్పుకు ఉన్నది. నిజానికి కూడ ఉంటదని ఆ రోజే తెలిసింది.

కంప్యూటర్ నడిపే అమ్మాయి రాజేశ్వరి ఆయన పక్కన్నే కూసున్నది. నేను ఆమెనడిగిన. "పేర్లుండేది మూలకున్న ఆ పెద్ద పెట్టెలనే గదమ్మా. మరి రెండు తెరలు రెండు మాటలెట్ల చెప్తయి?"

ఆమె సారు దిక్కు చూసి గొంతు తగ్గించింది. "అన్నా, పొద్దున తెరవంగనే ఇది పెట్టెలకెల్లి పేర్లన్నీ యాదికి తీసుకుంటది. ఇగ దినమంత ఆ యాదిలున్నదే చెప్తది. తర్వాత పెట్టెల ఏం మారినా దీనికి ఎరుకుండది. మళ్ళ చదువుమంటేనే చదువుతది."

"అయితే చదువుమను."

"బంద్ చేసి తెరవాలె!" రాజేశ్వర్ రావు ఎగిరిండు. "పొద్దటిసంది నేనెక్కించినయన్నీ ఇంక పెట్టెలకు పోలే. బంద్ చేస్తె కొట్టుకపోతయి. రేపు రాండ్రి."

రేపొచ్చి ఏం జేస్తం? పోటీ లేకుండనే సిద్దిరాములు గెలుస్తడు.

రాజవ్వ పోయి తివాచీ మీద కూసున్నది. ఆమె ఎనక సమ్మమ్మ, బక్కమ్మ, ఇంక గదిల పట్టినంత మంది. సాంచెలు ఆపి సీదా వచ్చినోళ్ళు. నెత్తిల, కొంగుల, కనుబొమ్మల మీద తెల్లటి నూలు దుమ్ము. ఏసీ గాలికి అది లేచి గదంత తిరుగుడు మొదలువెట్టింది.

"బయటికి నడువుండ్రి! మిషన్ ఖరాబైతది!"

"మిషన్‌కైతే ఇంత ఫికరా సారూ?" బక్కమ్మ అన్నది. "మేం రోజూ పీల్చేది గిదే."

సమ్మమ్మ లేచి కొంగు ఇప్పి దులపబోయింది.

"దులపకమ్మా! నీకు దండం పెడ్త!"

రాజవ్వ ఆయనను చూడనే లేదు. రాజేశ్వరితోని మాట్లాడింది. "బిడ్డా, ఒక్క పోగు తెగితె సాంచె మొత్తం ఇప్పుతమా? ఆ పోగే అతుకుతం. నా ఒక్క పేరు మళ్ళ చదువుమనరాదా?"

"అనొచ్చు పెద్దమ్మా. సారు పని సారుకుంటది, నీ పేరు ఒక్కటే పెట్టెలకెల్లి కొత్తగ వస్తది." రాజేశ్వరి ఈసారి గొంతు తగ్గించలే. "సారు ఊ అనాలె."

"ఊ అను సారూ," సమ్మమ్మ కొంగు పట్టుకునే ఉన్నది.

"ఊ! ఊ!"

రాజేశ్వరి మీటలు కొట్టింది. ఒక్క వరుస చీకటైంది. కైలాసం పోయిండు. ఆ జాగల పచ్చటి అక్షరాలు ఒక్కొక్కటే మొలిచినయి. రాజేశ్వరి పైకి చదివింది: "రాజవ్వ, మట్టెవాడ."

రాజవ్వ ఆ వరుసనే చూసింది. "రెండోసారి పోయినవా అయ్యా," అన్నది మెల్లగ. కొంగుతోని కండ్లు ఒత్తుకుని నామినేషన్ కాయితం సారు చేతుల పెట్టింది. మూడు ఇంక కొట్టలే. ఆయన సంతకం చేసిండు.

మెట్ల కింద సిద్దిరాములు డప్పులోళ్ళను పిలిపించి పెట్టిండు. పోటీ లేకుండ గెలిచినందుకు ఊరేగింపంట. మమ్మల్ని చూసి మొఖం మాడ్చుకున్నడు.

రాజవ్వ డప్పు కట్టయ్య ముందట నిలబడ్డది. "ఏందయ్యా, ఉత్తగ నిలబడ్డరు?"

"పొద్దటిసంది చేతులు గుంజుతానయవ్వా. కొట్టుమనేటోడే లేడాయె."

"నేనంటున్న. కొట్టుండ్రి!"

సుబేదారి నుంచి మట్టెవాడ దాక డప్పులు ఆగలే.