గురువారపు నూనె

పెసల్లో రాళ్ళు ఏరేటప్పుడు ఖాసియత్ కళ్ళు పొయ్యి మీద ఉంటాయి. రాళ్ళ సంగతి వేళ్ళు చూసుకుంటాయి. వెడల్పాటి పళ్ళెంలో పెసలు పోసి అరచేత్తో చుట్టూ తిప్పుతూ ఉంటే రాయి దానంతటదే వచ్చి వేలికి తగులుతుంది. దాన్ని తీసి కిటికీ గట్టు మీద పెట్టి మళ్ళీ తిప్పుతుంది. కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పట్టింది. బయట ఇంకా తెల్లవారలేదు. చిల్లా నడుస్తోంది. ఆ నలభై రోజుల చలిలో కొండ కిందున్న ఈ శానిటోరియంలో నీళ్ళ గొట్టాలు కూడా ముసలివాళ్ళలా మూలుగుతాయి.

వంటగదిలో రెండు పొయ్యిలున్నాయి. పెద్దది తోటి వంటమనిషి మవ్‌జూదాది. గొర్రె మాంసం, తోక కొవ్వు, ఎర్రగా వేగిన ఉల్లి, అన్నీ అక్కడే. గోడవారగా ఉన్న చిన్నది ఖాసియత్‌ది, పథ్యం పొయ్యి. గుండె జబ్బువాళ్ళు, కాలేయం చెడినవాళ్ళు, ఒళ్ళు తగ్గించుకొమ్మని డాక్టరు గట్టిగా చెప్పి పంపినవాళ్ళు ఈ పొయ్యి కిందికి వస్తారు. ఇక్కడ మాంసం ఉండదు, కొవ్వు ఉండదు, నూనె చుక్క ఉండదు.

ఖాసియత్ పొట్టి మనిషి. మణికట్లు మాత్రం మగవాళ్ళవిలా వెడల్పు. ఆవిరికి మోచేతుల దాకా చర్మం నున్నగా, లేత ఎరుపుగా తేలింది. పువ్వుల రుమాలు తలకు వెనక్కి ముడేసి, మఖమలు గౌను మీద చేత్తో అల్లిన ఉన్ని చొక్కా తొడుక్కుంటుంది. నవ్వితే పక్కనున్న బంగారు పన్ను కనిపిస్తుంది. నవ్వడం ఆమెకు కష్టం కాదు.

పెసల్ని ఉత్త ఇనప మూకుడులో దోరగా వేయించింది. గది నిండా కమ్మని వాసన లేచాక దించింది. పెసలు చలవ. చిల్లాలో ఒట్టి పెసలు పెడితే రోగికి మోకాళ్ళు పట్టేస్తాయి. అందుకని వేడి చేసేవి తోడు వేయాలి: టర్నిప్, మిరియాలు, జీలకర్ర. ఉల్లిపాయను నూనెలో కాకుండా పొయ్యి రేకు మీదే అద్ది మాడ్చింది. టర్నిప్‌లను బూడిదలో కుక్కింది. గుమ్మడి ముక్కలు ఆవిరికి పెట్టింది. గుప్పెడు బియ్యం వేసి పెసలు పగిలేదాకా సన్నటి మంట మీద వదిలేసింది. పడుచు వయసులో అంట్లు తోమడానికి ఈ గదిలోకి వచ్చినప్పుడు ఇక్కడ వండే న్యూరా పెద్దమ్మ చెప్పింది ఒక్కటే మాట: "నూనె లేకపోతే మంట తగ్గించు, అంతే." ఆ పెద్దమ్మ తర్వాత రష్యా వెళ్ళిపోయింది. పొయ్యి ఖాసియత్‌కు మిగిలింది.

"ఖాసియత్ అక్కా, నీ కుండలో తొంగిచూస్తే రోజా ఉపవాసం కూడా చెడదు" అంది మవ్‌జూదా, కత్తితో కొవ్వు కోస్తూ.

"నీ కుండలో తొంగిచూసినవాళ్ళేగా రేపు నా దగ్గరికొచ్చేది. నవ్వు, నవ్వు."

ఇది రోజూ ఉండే మాటే. ఊళ్ళో దీనికన్నా మంచి హాస్యం ఒకటుంది. ఖాసియత్ భర్త నార్మత్ బస్టాండు పక్కన తందూరులో మాంసం కూరిన సంసాలు కాల్చి అమ్మేవాడు. కొరికితే కొవ్వు మోచేతి దాకా కారేది. దాని కోసం జనం బస్సులు వదులుకునేవారు. 'ఆయన పాడుచేసి పంపుతాడు, ఆవిడ బాగుచేసి పంపుతుంది, ఇంటికి రెండు వైపులా రాబడి' అనేవారు. ఒక వసంతంలో నార్మత్ తందూరులోకి వంగి, సంసా గోడకు అంటించి, తిరిగి లేవలేక వెనక్కి పడ్డాడు. చెయ్యి కాల్చుకున్నాడనుకున్నారు. కాలింది గుండె. అప్పటినుంచి ఆయన కూడా పథ్యం పొయ్యి కిందికే వచ్చాడు. శానిటోరియంలో మంచమెక్కలేదు, అంతే తేడా.

మొదటి ఏడాది గిన్నె తోసేసేవాడు. రెండో ఏడాది తిట్టేవాడు. తర్వాత హాస్యాలాడడం మొదలుపెట్టాడు. పెసరజావకు 'సర్కారు వాన' అని పేరు పెట్టాడు. గురువారం వస్తే మాత్రం ఆయనకు పండగ. గురువారం సాయంత్రం పోయినవాళ్ళ కోసం ఇంట్లో నూనె కాచాలి. పల్చగా ఒత్తిన చల్పక్ రొట్టెలు అందులో వేయించాలి. ఆ వాసన వాళ్ళకు చేరుతుందని పెద్దలు చెప్పారు. ఖురానులోంచి ఒక ఆయత్ చదివి, వేడివేడిగా ఇరుగుపొరుగుకు పంచేయాలి. ఖాసియత్ వాకిట్లో చూరు కింద నూనె పెడితే నార్మత్ గుమ్మంలో కూర్చుని ముక్కు ఎగబీల్చేవాడు. "మా అమ్మకూ వాసనే, నాకూ వాసనే. నన్ను బతికుండగానే వాళ్ళ వరసలో కూర్చోబెట్టావే!" అనేవాడు. ఆమె నవ్వేది. రొట్టె ఒక్కటీ ఇంట్లో ఉంచేది కాదు.

ఈ ఉదయం ఆయన అలా అనలేదు. ఆమె చీకట్లో బూట్లు తొడుక్కుంటుంటే దుప్పట్లోంచి పిలిచాడు.

"సాబిరా వాళ్ళమ్మా."

"ఏంటండీ?"

"ఇవాళ గురువారం కదా. నాకొకటి ఉంచు."

అంతే. వెనకాల ఏ హాస్యమూ రాలేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. "చూద్దాంలెండి" అని ఆమె తలుపు వేసుకుని వచ్చేసింది. దారి పొడుగునా ఆ మాటే బూట్ల కింద మంచులా కిర్రుమంటూ వచ్చింది. మొన్న డాక్టరమ్మ ఇంటికి వచ్చి, ఆయన గుండె చాలాసేపు విని, గొట్టం మడిచి సంచిలో పెట్టుకుంటూ చెప్పింది: "ఈ చిల్లా దాటించండి పెద్దమ్మా. దాటితే ఎండలొస్తాయి." దాటడానికి ఇంకా ఎన్నో రోజులు లేవు. ఇన్నేళ్ళు కాపాడి, గట్టు కనిపిస్తుండగా చెయ్యి వదలాలా? అడగని మనిషి అడిగితే, లేదనాలా?

మధ్యాహ్నం భోజనాల గదిలో కొత్తగా వచ్చిన ఒక బస్సు కండక్టరు గిన్నెలోకి చూసి మొహం చిట్లించాడు. పొట్ట బల్లకు ఆనుకుని ఉంది.

"ఇదేంటక్కా, కుండ కడిగిన నీళ్ళా?"

"తాగి చెప్పు తమ్ముడూ. కడిగిన నీళ్ళే అయితే ఇంకో గిన్నె పోస్తా."

పైన వడగట్టిన పెరుగు ఒక చెంచా, ఎండు పుదీనా నలిపి వేసింది. అతను మొదట నాలుకతో తాకాడు. తర్వాత గిన్నె ఎత్తి తాగాడు. అడుగున మిగిలింది రొట్టెతో తుడిచి నోట్లో వేసుకున్నాడు.

"మాంసం ఎక్కడ దాచావు, నిజం చెప్పు."

"నీ ఒంట్లోనే ఉంది కదయ్యా. చాలదా?"

గది అంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, గిన్నెలు తీసుకుని లోపలికి వచ్చి, తొట్టి దగ్గర ఊరికే నిలబడిపోయింది. నీళ్ళు పారుతూనే ఉన్నాయి. మవ్‌జూదా వచ్చి కుళాయి కట్టేసింది.

"ఏమైందక్కా?"

చెప్పింది.

మవ్‌జూదా తడి చేతులు నడుముకు తుడుచుకుంది. "ఇచ్చెయ్యి అక్కా. ఒక్క రొట్టె. ప్రాణం ఉసూరుమంటే ఆ పాపం ఎవరిది?"

"ఇచ్చాక ఏదన్నా అయితే?"

మవ్‌జూదా గిన్నెలు తొట్టిలోకి దించింది. పోతూ పోతూ తడి గుడ్డ పిండి, "నేనైతే ఈపాటికే ఇచ్చి ఏడుస్తూ ఉండేదాన్ని" అంది.

ఇంటికి వెళ్తుంటే సందు మొదట్లో ఓతిన్ అవ్వ తన గుమ్మం ముందు మంచు ఊడుస్తోంది. సందులోని ఆడవాళ్ళకు ఖురాను నేర్పే మనిషి. చీపురు కన్నా సన్నగా ఉంటుంది. ఖాసియత్ సలాము చెప్పి, చీపురు ఆమె చేతిలోంచి తీసుకుని తనే ఊడుస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"అవ్వా, మనం కాచే నూనె వాసన పోయినవాళ్ళకు నిజంగా చేరుతుందంటావా?"

అవ్వ నవ్వింది. "పుస్తకంలో ఉందా అంటే నాకు కనబడలేదమ్మా. మా అమ్మ కాచింది, నేనూ కాస్తున్నా. నేను పోయి చూసి రాలేదుగా. సందులోవాళ్ళకు చేరుతుంది, అది మాత్రం తెలుసు. నీది కాగుతుంటే నేను గంజి కూడా తాగను, నా వాటా వస్తుందని కూర్చుంటా."

ఖాసియత్ చివరి మెట్టు దాకా ఊడ్చి చీపురు గోడకు ఆనించింది. మనసు తేలికపడిందని కాదు. కానీ బతికున్న మనిషి వాటా కోసం కూర్చుని ఉండడం ఎలా ఉంటుందో ఆ మాటలో ఆమెకు కనబడింది.

నార్మత్ సందలీలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పొట్టి బల్ల కింద నిప్పులు, పైన దుప్పటి. భుజాల మీద దూది అంగీ. ఒకప్పుడు తందూరు మూతంత ఉండే భుజాలు ఆ అంగీలో ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. గడ్డం నున్నగా గీసుకున్నాడు. ఆమె గుమ్మంలోనే ఆగి చూసింది. ఈ పూట కోసం ఆయన గడ్డం గీసుకున్నాడు.

"వచ్చిందండీ సర్కారు వాన" అంది ఆమె, తెచ్చిన గిన్నె ముందు పెడుతూ. ఆయన మొత్తం తాగేశాడు. గుమ్మడి ముక్కలు కూడా తిన్నాడు. గిన్నె వంచి చూపించాడు, బడికి వెళ్ళే పిల్లాడిలా.

వాకిట్లో నూనె పెట్టింది. పొగ రేగేదాకా ఆగి, బిస్మిల్లా అని, మొదటి రొట్టె జార్చింది. చుయ్యిమని పొంగి, బంగారు బుడగలు లేచాయి. అత్తగారి పేరు తలుచుకుంది, తన తండ్రి పేరు తలుచుకుంది. గుమ్మంలోంచి ఎగబీల్చిన చప్పుడు రాలేదు. తిరిగి చూస్తే ఆయన లోపలే ఉన్నాడు, తలుపు వైపు మొహం పెట్టి, పెద్దమనుషుల ఇంటికి వచ్చిన చుట్టంలా చేతులు ఒళ్ళో పెట్టుకుని.

ఆమె ఆఖరి రొట్టెను చాలాసేపు ఎత్తి పట్టుకుని నూనె ఓడ్చింది. గుడ్డతో రెండు వైపులా అద్దింది. అయినా అది మెరుస్తూనే ఉంది. లోపలికి తెచ్చి సందలీ మీద ఆయన ముందు పెట్టింది.

"ఇదిగో. పంచేసి వచ్చేస్తా. నెమ్మదిగా తినండి, సాబిరా వాళ్ళ నాన్నా."

ఆయన రొట్టె వైపు, ఆమె వైపు చూశాడు. "అద్దావా?"

"అద్దాను."

"ఎంత అద్దినా నూనె నూనే పిచ్చిదానా" అని నవ్వాడు. పొద్దున రాని నవ్వు. ఆమెకు అంత దూరం మంచులో నడిచి వచ్చిన అలసట అక్కడే దిగిపోయింది.

పళ్ళెం మీద గుడ్డ కప్పి బయటికి వెళ్ళింది. ఓతిన్ అవ్వ ఇంట్లో ఆయత్ చదివించి, పక్కింట్లో పిల్లలకు పెట్టి, ఎదురింటి ముసలాయనకు ఇచ్చి వచ్చింది. అందరూ చేతులెత్తి దువా చేశారు. గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికి కేక వేసింది: "అవ్వ మిమ్మల్ని అడిగిందండీ. ఎండలొచ్చాక వచ్చి కూర్చోమంది."

జవాబు లేదు.

ఆయన దిండుకు ఆనుకుని ఉన్నాడు. టోపీ ఒక కనుబొమ మీదికి జారింది. నిద్రపోయేటప్పుడు తెరుచుకునే నోరు ఇప్పుడు మూసుకుని ఉంది, ఏదో రుచి లోపల దాచుకున్నట్టు. చెయ్యి ముట్టుకుంటే వెచ్చగానే తగిలింది. అది సందలీ వేడి. ఆ వేడికీ మనిషి వేడికీ తేడా ఆమెకు తెలుసు. పక్కన కూర్చుంది. మనమంతా దేవుడివాళ్ళం, తిరిగి ఆయన దగ్గరికే పోతాం అని చెప్పవలసిన మాట చెప్పింది. మీసం అంచున నూనె మెరుస్తోంది. తల రుమాలు కొసతో మెల్లగా తుడిచింది. ఎవరో చూసి ఏదో అంటారని కాదు, మూతి తుడుచుకోకుండా జనంలోకి వెళ్ళే మనిషి కాదు ఆయన. ఆ రొట్టె ఇవ్వకపోతే ఏమయ్యేది? ఇన్నేళ్ళ పెసలే ఇంతదాకా తెచ్చాయా? అడిగింది కానీ, దేవుడు జవాబు చెప్పే తొందరలో ఎప్పుడూ ఉండడని ఆమెకు తెలుసు. తర్వాత లేచి వాకిట్లోకి వెళ్ళి, ఆరిపోతున్న పొయ్యి మీంచి నూనె మూకుడు దించి, పక్కింటివాళ్ళను పిలిచింది.

కూతురు సాబిరా వచ్చింది. ఆడవాళ్ళు వచ్చారు. నిప్పులు తీసేశారు, దుప్పటి మడిచారు. మూడు రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, వండినవన్నీ పక్కిళ్ళ నుంచే వస్తాయి. మవ్‌జూదా పెద్ద గిన్నె మోసుకుని వచ్చి, మూత తీసి, ఏడుస్తూ చూపించింది. పెసరజావ. "నీ అంత బాగా రాలేదక్కా" అంది.

ఎవరో బల్ల మీదిది తీసేయబోతే ఖాసియత్ చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె ఎప్పుడూ కూర్చునే వైపు, తిరగేసిన గిన్నె మీద సగం చల్పక్ ఉంది, తుంచిన రెంటిలో పెద్ద సగం. చల్లారి గట్టిపడిన దాని అంచు మీద ఆయన బొటనవేలు నొక్కిన గుంట అలాగే ఉంది.