లావు తూటా

నవంబరు పద్నాలుగో తేదీ ఉదయం ఎనిమిదిన్నరకి ఎల్డన్ ప్రూయిట్ మోకాళ్ళ మీద కూర్చుని కింది అరలో తూటాల పెట్టెలు సర్దుతున్నాడు. ఒకసారి కూర్చుంటే లేవడం పెద్ద పని. అందుకని కింది అర మొత్తం ఒకే విడతలో ముగించి, ఆ తరువాత కౌంటరు అంచు పట్టుకుని, కాసేపు ఆగి, ఇంకాసేపు ఆగి లేస్తాడు. పొడుగాటి మనిషి. వంగిపోయాడు. చెవులు మాత్రం వంగలేదు, టోపీకి అటూ ఇటూ బాగానే నిలబడ్డాయి. ఎడమ బొటనవేలి గోరు మధ్యకి చీలి ఉంటుంది. పళ్ళచక్రాల ఫ్యాక్టరీ మూతపడక ముందు అక్కడ పదకొండేళ్ళు పనిచేసినందుకు మిగిలింది అదీ, ఒక గోడ గడియారమూ. ఆ తరువాత ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ హార్డ్‌వేర్ షాపులోనే, మేకులూ పంపులూ రంగు డబ్బాలూ దాటాక వెనకవైపున్న ఈ తూటాల కౌంటరు దగ్గరే.

మర్నాడు జింకల వేట మొదలవుతుంది. ఆ రోజు మా హార్లో ఊళ్ళో బడికి సెలవు. పెట్టి ఏం లాభమని మానేశారు, పిల్లలూ రారు, పంతుళ్ళూ రారు. ముందు రోజు ఊరంతా ఎల్డన్ దగ్గరికే వస్తుంది. ఏడాదిలో తక్కిన రోజుల్లో అతనొకడున్నాడని ఎవరికీ గుర్తుండదు.

మిషిగన్‌లో ఉత్తరాన ఏ తుపాకైనా పట్టుకు తిరగొచ్చు. మా దక్షిణపు జిల్లాల్లో అలా కుదరదు. ఇక్కడ పొలానికీ పొలానికీ మధ్య ఇళ్ళున్నాయి. మైలు దూరం పోయే సన్న తూటా ఎవరి వంటింట్లోకి దూరుతుందో చెప్పలేం. అందుకని చట్టం పొట్టి తూటాలనే ఒప్పుకుంటుంది, మెడ సన్నబడకుండా నిటారుగా, గొట్టంలా ఉండేవి. అవి నూటయాభై గజాలు దాటితే నీరసించి నేల చూస్తాయి. మా తోపుల్లో అంతకన్నా దూరం కనపడదు కూడా.

వాటిలో జనం అడిగేవి రెండు. మూడు యాభై, నాలుగు యాభై, తూటా లావుని బట్టి వచ్చిన పేర్లు. మూడు యాభై మెత్తది, భుజాన్ని పెద్దగా తన్నదు. సరిగా తగిలితే జింక చస్తుంది, కాని చచ్చే ముందు ఎనభై గజాలో వంద గజాలో పరిగెడుతుంది. మనం వెనకాలే నెత్తురు చూసుకుంటూ వెళ్ళాలి. నాలుగు యాభై బొటనవేలంత లావు. అది తగిలాక జింక మరో అడుగు వెయ్యడం అరుదు. అయితే ఆ తుపాకి ముందు జింకనెంత కొడుతుందో వెనక మనిషినీ ఇంచుమించు అంతే కొట్టినట్టుంటుంది. వేటయ్యాక భుజం వారం రోజులు నీలంగా ఉంటుంది.

ఇరవై ఎనిమిదేళ్ళలో ఎల్డన్ ఒకటి నేర్చుకున్నాడు. ఏళ్ళ తరబడి మెత్త తూటా కొన్నవాడు ఓ ఏడాది వచ్చి లావు తూటా అడిగాడంటే, వాడి కాళ్ళు పోయాయన్నమాట. జింక వెనకాల నడవలేడు, కనుక అది నిలబడ్డ చోటే పడాలి. ఆ మాట ఎవడూ నోటితో అనడు. ఎల్డనూ అడగడు. పెట్టె తీసి ఇచ్చి, రేపు గాలి ఎటునుంచో చెబుతాడు.

ఆ ఉదయం ఉత్తరపు జిల్లాల మనిషొకడు తాత తుపాకి పట్టుకొచ్చాడు. దాని తూటా లావుదే, నిటారుదే. ఎల్డన్ దాన్ని, చట్టం ఒప్పుకునే పొడుగు కొలిచి కౌంటరు అంచున కత్తితో గీసి పెట్టిన రెండు గాట్ల మధ్య పడుకోబెట్టాడు. గాటు దాటి చిటికెన వేలు గోరంత బయటికొచ్చింది. పొడుగెక్కువ, ఇక్కడ కుదరదన్నాడు. తాత దీంతో అరవై జింకల్ని కొట్టాడని ఆ మనిషి గొణిగాడు. అయితే తాతగారి దగ్గరికే వెళ్ళి వేటాడమని, ఉత్తరానికి దారి చూపించాడు ఎల్డన్. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. ఈమధ్య నవ్వు రావడంలేదు. ఏడుపూ రావడంలేదు. ఏమీ అనిపించకపోవడమే ఏప్రిల్ నుంచీ అతనికి అలవాటైపోయింది.

ఏప్రిల్లో గుండె లయ తప్పుతోందని ఎడమ కాలరు ఎముక కింద చర్మం లోపల పేస్‌మేకర్ పెట్టారు. అగ్గిపెట్టెంత ఉంటుంది. వేలు పెడితే అంచు తగులుతుంది. నేను ఎడమచేతివాణ్ణండీ అని అతను డాక్టరుకు రెండుసార్లు చెప్పాడు. డాక్టరు పట్నం మనిషి, పాపం. రాసుకోవడానికి ఏమీ ఇబ్బంది ఉండదని రెండుసార్లూ ధైర్యం చెప్పాడు. ఇంటికొచ్చాక ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితాల్లో నాలుగో పేజీలో ఉంది, అటువైపు భుజానికి తుపాకి మడమ ఆనించరాదని. ఎల్డన్ ఆ పేజీని రెండుసార్లు చదివి, మడిచి, భార్య నోరీన్ చూడని చోట పెట్టాడు. ఎండాకాలమంతా కుడి భుజాన పెట్టుకుని అలవాటు చేసుకోబోయాడు. కుడి కన్ను మసక. నలభై అడుగుల్లో పళ్ళేన్ని కూడా కొట్టలేకపోయాడు.

అయితే మానెయ్యవచ్చుగా, అదే అడిగింది నోరీన్ కూడా. నలభై ఏళ్ళలో పదకొండు జింకలు కొట్టావు, ఫ్రీజరు ఖాళీగా ఏమీ లేదు, ఇంట్లో కూర్చుంటే ఏంపోయిందని. జవాబు నిరుటిది. నిరుడు పాత స్నేహితుడు క్లైడ్ తోపులో మెత్త తూటాతో ఒక ఆడ జింకని కొట్టాడు. తూటా గుండెకి కాస్త వెనగ్గా తగిలింది. అది జమ్ములోకి, చిత్తడిలోకి వెళ్ళిపోయింది. ఎల్డన్ యాభై గజాలు వెళ్ళేసరికి కాళ్ళు చచ్చుబడి, ఊపిరాడక ఒక మొద్దు మీద కూర్చున్నాడు. అది దగ్గరలోనే ఎక్కడో కొట్టుకుంటున్న చప్పుడు చాలాసేపు వినపడింది. తరువాత వినపడలేదు. ఎవరినైనా పిలిచి ఉండవచ్చు. సిగ్గేసింది. ఇంటికెళ్ళి ఏమీ కనపడలేదని చెప్పాడు. అన్నీ మొద్దుబారినా ఆ సిగ్గు ఒక్కటీ మొద్దుబారలేదు.

ఇంకొక్క జింక చాలు. నిలబడ్డ చోటే పడాలి. ఒకటి అలా జరిగితే ఇక తుపాకి ముట్టనని తనలో తనే అనుకున్నాడు.

మధ్యాహ్నం క్లైడ్ వచ్చాడు. డెబ్బై ఏళ్ళవాడు, తుంటి ఎముక మార్పించుకున్నాడు. కొనేదేమీ లేదు, కౌంటరు మీద మోచేతులు పెట్టుకోవడానికే వచ్చాడు.

"ఒరేయ్, నలభై ఏళ్ళ నుంచీ నా తోపులో నువ్వు కొట్టినవాటికన్నా నా ట్రాక్టరు గుద్దినవే ఎక్కువ. వాటికి ఫొటో తీసి ఈ గోడకి పెట్టవేంరా?"

గోడ నిండా కొమ్ముల జింకలూ, వాటి పక్కన పళ్ళికిలించిన మనుషులూ. ఆ ఫొటోలన్నీ ఎల్డన్ చేతులతో గుచ్చినవే. వాటిలో అతనిది ఒక్కటీ లేదు.

"నీ ట్రాక్టరుకి వేట లైసెన్సు చూపించు, పెడతాను," అన్నాడు ఎల్డన్.

క్లైడ్ నవ్వి, వెళుతూ వెళుతూ, రేపు ఏదైనా పడితే ఫోను చెయ్యి, పరిగెడితే నేను వెతుకుతానన్నాడు. ఆ తుంటితో అతను చిత్తడిలో దిగడం ఎంత నిజమో ఇద్దరికీ తెలుసు. ఎల్డన్ సరేనన్నాడు.

మూడు గంటలకి డెల్‌బర్ట్ వచ్చాడు. బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. పన్నెండేళ్ళుగా మెత్తదే కొంటున్నాడు. కౌంటరు దగ్గర టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఈసారి లావుది ఇయ్యి."

ఎల్డన్ వంగి తీసి ఇచ్చాడు. "రేపు పడమటి గాలి. ఎండొచ్చేదాకా అంతే."

"పడమరా. మంచిదే," అన్నాడు డెల్‌బర్ట్. పెట్టె రెండు చేతులతో పట్టుకుని, గడప దగ్గర ఒక క్షణం ఆగి, కాళ్ళు ఒక్కొక్కటే దించుకుంటూ వెళ్ళాడు. ఎల్డన్ అటు చూడలేదు. చూడకపోవడం కూడా ఆ కౌంటరు మర్యాదే.

అయిదింటికి షాపు మూసే ముందు ఎల్డన్ అర దగ్గర నిలబడ్డాడు. రెండు పెట్టెలూ పైకి తీశాడు. మెత్తది ఒక చేతిలో, లావుది ఒక చేతిలో. నిరుడే ఒక ముసలాయన దగ్గర లావు తూటా తుపాకి కొని, గరాజులో గోనెసంచుల వెనక పెట్టాడు. ఒక్కసారీ కాల్చలేదు. ఒక్క దెబ్బేగా అనుకున్నాడు. పేస్‌మేకర్ తీగ ఊడవచ్చు, ఊడకపోవచ్చు. అది తన సంగతి. జింక సంగతి వేరు, దాన్ని ఎవరూ అడగరు. మెత్తది అరలో పెట్టేశాడు. భయం వేసిందా అంటే వెయ్యలేదు. మంచి చేసినట్టూ అనిపించలేదు. చెయ్యి కొంచెం చల్లబడింది, అంతే.

గల్లా దగ్గర మార్లా ఉంది. షాపు ఆమెది, అంతకు ముందు ఆమె నాన్నది. ఎల్డన్ చేరినప్పుడు కాలేజీ పిల్ల, ఇప్పుడు జుట్టు నెరిసింది. ఏప్రిల్లో అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆమే. కౌంటరులో ఎడమచేతి కత్తెర కావాలని వెతికి వెతికి తెప్పించింది కూడా ఆమే. ఎల్డన్ పెట్టె బల్ల మీద పెట్టాడు.

మార్లా పెట్టెని చూసింది. అతని కాలరు ఎముక వైపు చూసింది. నోరు తెరిచింది. ఇన్నేళ్ళూ ఎంతమందిని అతను అడక్కుండా పంపాడో పక్కనుంచి చూస్తూనే ఉంది. వాళ్ళ మొహాల్లో ఆ అడక్కపోవడం వల్ల వచ్చే నెమ్మది కూడా చూసింది. తెరిచిన నోటితో అడగాల్సింది అడగలేకపోయింది.

"రేపు గాలి ఎటునుంచి ఎల్డన్?" అంది.

"పడమరమ్మా."

"వెచ్చగా ఉండండి," అంది మార్లా, పెట్టె సంచిలో పెట్టి అతని కుడిచేతికి అందిస్తూ.

ఇంట్లో నోరీన్ మాంసం, బంగాళాదుంపలు ఉడకబెట్టింది. తింటూండగా తూటాలు మెత్తవేనా అని అడిగింది. మెత్తవేనన్నాడు. ఇంకాస్త ఉప్పు అందుకున్నాడు. ఆమె రేపటికి రొట్టెల్లో మాంసం ముక్కలు పెట్టి కాగితం చుట్టింది. వేళకి పడుకున్నారు.

తెల్లవారాక, ఏడు నలభైకి, తన కొట్టం దగ్గరున్న క్లైడ్‌కి తోపు వైపు నుంచి ఒక దెబ్బ వినపడింది. గట్టి దెబ్బ, ఎల్డన్ తుపాకిది కాదనుకున్నాడు. రెండో దెబ్బ లేదు. ఫోను వస్తుందని కాఫీ తాగాడు. ఎనిమిదింపావుకి కోటు వేసుకుని బయలుదేరాడు.

ఎల్డన్ కూర్చునే చోటు నుంచి నలభై అడుగుల్లో ఆడ జింక పడి ఉంది. దాని పక్కన, నేల మీద, ఒక కాలు చాపుకుని ఎల్డన్ కూర్చుని ఉన్నాడు. తల ముందుకి వాలింది. టోపీ అలాగే ఉంది. క్లైడ్ పేరు పెట్టి పిలిచాడు. దగ్గరికెళ్ళి భుజం పట్టుకున్నాక మళ్ళీ పిలవలేదు.

ఆ చావు తుపాకి తన్నడం వల్లో, చలి వల్లో, మంచంలో ఉన్నా వచ్చేదో డాక్టరు చెప్పలేకపోయాడు. శనివారం పాతిపెట్టారు. చర్చి సగం నిండింది. వేట రోజుల్లో సగమంటే ఎక్కువే.

సోమవారం మార్లా షాపు తెరిచింది. వెనక కౌంటరు దగ్గరికి వెళ్ళలేదు. ఆ రోజు నుంచీ సరిగా నిద్రలేదు ఆమెకి. తను అమ్మకపోతే ఇంకో ఊళ్ళో కొనేవాడని ఒకసారి, అడిగి ఉంటే మానేవాడేమోనని ఒకసారి అనుకుంటూ ఉంది. తప్పు తనదేనని గట్టిగా అనుకోవడానికి కూడా మనసు రాలేదు, కాదనుకోవడానికీ రాలేదు. పదింటికి క్లైడ్ వచ్చాడు. కౌంటరు మీద మోచేతులు పెట్టలేదు. మార్లా ఒక్క మాటే అడిగింది.

"జింక ఎక్కడ పడింది?"

"నిలబడ్డ చోటే. కాళ్ళ కింద గడ్డి కూడా చెదరలేదమ్మా."

మార్లా తల ఊపింది. కళ్ళు తుడుచుకుంది.

క్లైడ్ జేబులోంచి ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. వేట లైసెన్సుతో ఇచ్చేది, అచ్చు వేసిన నెల దగ్గరా తేదీ దగ్గరా కత్తితో గాటు పెట్టి పడిన జింకకి కట్టాల్సిన చీటీ. ఎల్డన్ ఒళ్ళో దొరికింది, తెరిచిన కత్తి కిందన. నోరీన్‌కి ఇవ్వడానికి చేతులు రాలేదన్నాడు.

చీటీ మీద నవంబరు దగ్గర చక్కగా కోసిన గాటుంది, పదిహేను దగ్గర కత్తిమొన ఆనించిన చుక్క మాత్రమే ఉంది.