వీధి వైపు తిప్పిన టీవీ

1982 ఫిబ్రవరిలో, సాయంత్రం ఏడున్నరకు టీవీలో వార్తలు మొదలవగానే మా ఊరి జనం ఇళ్ళు వదిలి నడకకు బయలుదేరేవారు. పోలండ్ సైన్యం చేతిలోకి వెళ్ళి అప్పటికి రెండు నెలలు. వార్తలు చదివేవాళ్ళు కూడా సైనిక దుస్తుల్లోనే కనిపించేవారు. మీ అబద్ధాలు మేం వినడం లేదని చెప్పడానికే ఆ నడక. నినాదాలు ఉండవు. పిల్లల బండ్లు తోసుకుంటూ, కుక్కల్ని పట్టుకుని మంచులో అటూ ఇటూ తిరగడం, అంతే. ఇంకాస్త తెగువ ఉన్నవాళ్ళు టీవీని కిటికీలో పెట్టి, తెరను వీధి వైపు తిప్పి వచ్చేవారు.

మా నాన్న లోంగిన్ వచ్చేవాడు కాదు. డిసెంబరు సమ్మెలో ఉన్నాడని ఫ్యాక్టరీలో ఆయన్ని పిలిచి, ఇంకొక్క మాట వినబడితే లేత్ మిషన్ దగ్గరికి మళ్ళీ రానిచ్చేది లేదని చెప్పారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

అప్పుడు నాకు పదిహేనేళ్ళు. నడకలో నాకు తోడు నా స్నేహితురాలు ఇర్మినా. మా రెండో అంతస్తు కిటికీలో వెలుగుతున్న దీపాన్ని చూసి అందరికీ వినబడేలా అంది:

"ఏమే యగోదా, వార్తలు చదివే ఆ యూనిఫాం వాడు మీ నాన్నకి మేనల్లుడా ఏం? ఒక్కరోజూ చూడకుండా ఉండలేడు!"

"మేనల్లుడైతే దీనికి సంబంధం కుదిరినట్టే," అన్నారెవరో వెనకనుంచి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు నాన్న జ్వరంతో లోపలి గదిలో నిద్రపోతున్నాడు. అమ్మ ఆసుపత్రి డ్యూటీలో ఉంది. టీవీని బల్లతో సహా కిటికీ దాకా లాగి, వీధి వైపు తిప్పి, దీపం ఆర్పి కిందికి దిగాను.

ఇర్మినా మా కిటికీ చూసి నా చెయ్యి పట్టుకుంది. "బాగుందే! మీ నాన్నకి ఇన్నాళ్ళకి పౌరుషం వచ్చింది!" మా మెట్ల దారిలోనే ఇల్లున్న క్లిమ్‌చుక్ పిన్నిగారు నా వైపు చూసి తల ఊపింది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. అంత సంతోషంగా నేను అంతకుముందెప్పుడూ నడవలేదు.

అప్పుడే పోలీసు కనిపించాడు. చిన్న పుస్తకం పట్టుకుని, మెట్ల తలుపు దగ్గరనుంచి వరసగా కిటికీలు లెక్కపెట్టి రాసుకుంటున్నాడు. అతని వేలు మా కిటికీకి ఇంకా నాలుగు కిటికీల దూరంలో ఉంది. పరుగెత్తితే ఈలోగా పైకెళ్ళి టీవీ తిప్పేయగలను. ఇర్మినా చెయ్యి నా చేతిలో ఉంది. వదిలించుకుంటే ఎందుకని అడుగుతుంది. నేను నడుస్తూనే ఉన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి టీవీ మళ్ళీ గోడ దగ్గరికి చేరింది. నాన్న కంబళి కప్పుకుని కూర్చుని ఉన్నాడు.

"చలిగా ఉందా తల్లీ బయట? టీ పెట్టుకో," అన్నాడు.

లేచి, మళ్ళీ పడుకోడానికి లోపలికి వెళ్ళాడు.

రెండు రోజుల తర్వాత నాన్నను ఫ్యాక్టరీకి పిలిపించారు. మధ్యాహ్నానికే తిరిగొచ్చి వంటగదిలో కూర్చున్నాడు.

"ఏమడిగారు?" అంది అమ్మ.

"టీవీ ఎవరు తిప్పారని."

నేను రొట్టె కోస్తున్నాను. నాన్న నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నాకు కాస్త సమయం ఇస్తున్నాడని ఇప్పుడు అర్థమవుతోంది.

"నాన్నా, వెన్న రాయనా?" అన్నాను.

"రాయి," అన్నాడు. తర్వాత అమ్మతో, "నేనే తిప్పానని చెప్పాను."

"నువ్వా? నడకకు మెట్లు కూడా దిగనివాడివి! నీకు మతి ఉందా అసలు? పిల్ల చదువేం కావాలనుకున్నావ్?"

"పొరపాటైంది," అన్నాడు నాన్న.

ఫ్యాక్టరీ ఉద్యోగం పోయింది. ఆ తర్వాత పదకొండేళ్ళు ఒక బడిని వెచ్చబెట్టే బాయిలరులో బొగ్గు వేశాడు. ఆ ఇంట్లో మేం ముగ్గురం అన్నీ మాట్లాడుకున్నాం, ఆ టీవీ గురించి తప్ప. అమ్మ మాత్రం తను పోయేదాకా, టీవీ పేరెత్తకుండానే, తాగకపోయినా తాగినవాడిలా ప్రవర్తించిన రోజొకటి ఉందని నాన్నను దెప్పుతూనే ఉండేది. నాన్న వినేవాడు. నేనూ వినేదాన్ని.

పోయిన నెల నాన్నను సమాధి చేశాం. భోజనాల దగ్గర, ఇప్పుడు తొంభై దాటిన క్లిమ్‌చుక్ పిన్నిగారు లేచి నిలబడింది.

"మా మెట్ల దారి ఇళ్ళల్లో మొదట టీవీ తిప్పింది లోంగిన్. ఉద్యోగం పోయినా ఒక్కసారీ గొప్ప చెప్పుకోలేదు. అట్లాంటి మనిషి!"

అందరూ నా వైపు తిరిగారు. ముప్పై రెండేళ్ళుగా నేను పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. నా తరగతి పిల్లలు కొందరు కూడా వచ్చారు. వాళ్ళలో ఒక అమ్మాయి, ఏడుపు మొహంతోనే, నెమ్మదిగా అడిగింది:

"టీచర్, అప్పుడు మీరెక్కడున్నారు?"

నాన్న లేడు. అమ్మ లేదు. చెబితే నష్టపోయేదాన్ని నేనొక్కదాన్నే.

"కింద వీధిలో నడుస్తున్నానమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. నేను వదిలించుకోలేదు.