బుల్డోజరుకు తెలుగు

ఈ ఉదయం నేను వచ్చేసరికి బుల్డోజరు నా బల్ల ముందు కుర్చీలో కూర్చుని ఉంది. మునిసిపాలిటీలో ఇంగ్లీషు ఆర్డర్లకు తెలుగు రాసేది నేనే కాబట్టి నా దగ్గరికే రావాలి. కుర్చీ ఇరుకైనా సర్దుకుంది.

"నా పేరుకు అర్థమేంటి సార్? నన్ను చూస్తే జనం ఏడుస్తారు. ఎందుకో ఎవరూ చెప్పరు," అంటుంది.

నిఘంటువు తెరుస్తాను. ఆ పేజీకి చెమట పట్టింది. రుమాలుతో అద్ది చదువుతాను. మాట పుట్టేనాటికి ఈ యంత్రం లేదు. నూట యాభై ఏళ్ల కిందట అమెరికాలో, ఓటు వేయబోయే నల్లవాళ్లను కొరడాలతో కొట్టి వెనక్కి తరిమేవారు. ఎద్దుకు పడాల్సిన మోతాదులో దెబ్బలు మనిషికి, 'బుల్ డోస్'. దానికే ఆ పేరు పెట్టారంటారు.

"అయితే పుట్టకముందే కొట్టానన్నమాట," అని బుల్డోజరు తల దించుకుంటుంది. సిగ్గుపడటం దానికెంత తేలికో!

పోయిన వారం కాలవ గట్టున కూల్చాల్సిన పదకొండు ఇళ్లకు ఎర్ర రంగుతో నంబర్లు వేయించింది నేనే. ఏడో ఇంటి నాంచారమ్మ దాన్ని డోర్ నంబరనుకుంది. పసుపు రాసి, బొట్టు పెట్టి, నాకు పరమాన్నం వడ్డించింది. "ఇరవై ఏళ్లకి మాకూ నంబరొచ్చింది బాబూ. ఇంక మమ్మల్నెవరూ లేపరుగా?" అంది. తల ఊపాను. మారు కూడా వడ్డించుకున్నాను. నా అంత సిగ్గుమాలినవాడు ఉండడు.

ఇప్పుడు ఆ ఇళ్ల నోటీసుకు తెలుగు రాయాలి. 'సుందరీకరణ' అని రాస్తాను. బుల్డోజరు వంగి చదువుతుంది.

"ఇది నేను కాదు సార్," అంటుంది.

అంతలో నాంచారమ్మ వస్తుంది. బుల్డోజరు లేచి ఆమెకు కుర్చీ ఇస్తుంది.

"ఆ కాయితంలో ఏముంది బాబూ?"

"రేపు పొద్దున్నే మీ ఇళ్లు కూల్చేస్తారమ్మా. నంబరేసిన రోజే నాకు తెలుసు," అంటాను. ఆ మాట తర్వాత నా నోరు మూతపడదు.

ఆమె తిట్టదు. తిడితే బాగుండును. వంగి నా నోట్లోకి తొంగి చూస్తుంది. గోడ కొలిచినట్టు జానతో కొలుస్తుంది. బయటికెళ్లి అందరినీ పిలుచుకొస్తుంది.

"తలొంచుకుని రండి, పళ్లు తగుల్తాయి," అంటుంది.

పదకొండు కుటుంబాలూ బిందెలతో, మంచాలతో లోపలికి నడుస్తాయి. నాలుక మీద పొయ్యి రాజేస్తారు. పొగ నా ముక్కులోంచి పోతోంది.

"నోరు మూయమాక బాబూ, పిల్లలున్నారు!" లోపలినుంచి నాంచారమ్మ కేకేస్తుంది.

దవడ పన్నుకు చీర కట్టి ఉయ్యాల వేశారు. అందులో బిడ్డ కదిలినప్పుడల్లా నా తల అటూ ఇటూ ఊగుతోంది.