అమ్మ చేతికి ఆఫీసు పట్టీ

మంగాయమ్మ వెచ్చచేసిన కొబ్బరినూనెలో కర్పూరం కలిపి మోకాళ్లకు రాసుకుంటోంది. కూతురు ప్రవల్లిక ఆమె ఎడమచెయ్యి లాక్కుని నల్లటి రబ్బరు పట్టీ తొడిగింది.

"ఇయ్యాల కూడానేటే?"

"ఈ ఒక్కరోజేనమ్మా. ఏడోరోజు."

ఆ పట్టీ ప్రవల్లిక ఆఫీసుది. చోడవరంలో ఆరోగ్యబీమా కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించే ఆఫీసు. పొద్దున్న తొమ్మిదింటికి కుర్చీలో కూలబడితే సాయంత్రం ఏడింటికి లేవడం. మధ్యలో బాత్రూముకి వెళ్తే ఎన్ని నిమిషాలో రాసుకుంటారు. అలాంటి ఆఫీసుకి ఉన్నట్టుండి ఉద్యోగుల ఆరోగ్యం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. సమోసాలు పోయి మొలకెత్తిన పెసలు వచ్చాయి. 'నవ్వండి, గుండెకి మంచిది' అని గోడకి బోర్డు వెలిసింది. మేనేజరు ఉదయభాస్కర్ అడుగులు లెక్కపెట్టే పట్టీలు పంచితే అందరూ తొడుక్కుని ఫోటోలు దిగారు. ఆ సంబరంలో మామూలు సెలవులు ఎత్తేసిన సంగతి ఎవరికీ పట్టలేదు. ఇక మిగిలింది వెల్‌నెస్ సెలవు. వరుసగా ఏడు రోజులు, రోజుకి ఎనిమిది వేల అడుగులు నడిస్తే ఒక శనివారం.

ఆ శనివారం ప్రవల్లికకి కావాలి. అనకాపల్లిలో మోకాళ్ల డాక్టరు శనివారమే చూస్తాడు. మంగాయమ్మకి చదువు రాదు, ఆస్పత్రికి ఒంటరిగా ఎప్పుడూ వెళ్లలేదు. కుర్చీకి అతుక్కున్న పిల్లకి వెయ్యి అడుగులు దాటడమే గగనం. అందుకని పట్టీ తల్లి చేతికెక్కి, ఆమె కూలికెళ్లే గోవాడ వైపు చెరకుతోటలోకి వెళ్లింది.

తోటలో జడచుట్టు పని. ఎండాకులు మెలితిప్పి, చెరకు గెడలు పడిపోకుండా దుబ్బుకి చుట్టాలి. మోకాళ్లు మొరాయించి మంగాయమ్మ ప్రతి దుబ్బు దగ్గరా ఆగినా, చెయ్యి ఊగినప్పుడల్లా పట్టీ మాత్రం అడుగేసేది. సాయంత్రానికి ఇరవై రెండు వేలు!

ఏడు రోజులూ నిండిన మర్నాడు సాయంత్రం ప్రవల్లిక పెసల పొట్లంతో వచ్చింది.

"సెలవిచ్చేరా?"

"అన్ని ఆఫీసుల్లోనూ నేనే ఫస్టంటమ్మా."

"మంచిదే. బస్సెన్నింటికి?"

ప్రవల్లిక చెప్పులు విప్పుతూ తలెత్తలేదు. "శనివారం నాకు సన్మానమంట, రెండు ముక్కలు మాట్లాడాలంట. సెలవడిగితే మేనేజరు నవ్వేడు. 'ఇరవై రెండు వేలు నడిచే మనిషికి విశ్రాంతెందుకమ్మా, నువ్వే మా ఆరోగ్య రాయబారివి' అన్నాడు."

"నిజం సెప్పలేకపోయేవా?"

"ఉద్యోగం పోద్దమ్మా."

"మరి నా మోకాళ్లో?"

"వచ్చే శనివారం పోదాం. మళ్లీ ఏడురోజులు తొడుక్కో. రాయబారికి రోజుకి పన్నెండు వేలంట."

మంగాయమ్మ కూతుర్ని ఎగాదిగా చూసింది. "ఒసే గుంటా, ఆరోగ్యం గురించి నువ్వేటి సెప్తావే?"

"వాళ్లే రాసిచ్చేరు."

శనివారం పొద్దున్న ప్రవల్లిక కొత్త చీర కట్టుకుని, అద్దం ముందు కాగితం వల్లెవేస్తోంది. "నా విజయ రహస్యం ఒక్కటే. నా పనులు నేనే చేసుకుంటాను..."

గుక్క తిప్పుకోడానికి ఆగితే, అద్దంలో తల్లి కనిపించింది. ఉతికిన చీర, చంకలో సంచి, చేతిలో ఆస్పత్రి చీటీ. పట్టీ క్యారేజీ మూత మీద పడి ఉంది.

"అమ్మా, పట్టీ!" అంది ప్రవల్లిక, అలవాటుగా.

మంగాయమ్మ ద్వారబంధం పట్టుకుని ఒక కాలు దించింది, ఆగి రెండోది దించింది. వెనక్కి చూడకుండా అనకాపల్లి బస్సు ఆగే వైపు మెల్లగా నడిచి వెళ్లిపోయింది.