సెలవు లేని మందుల షాపు

మందుల గురించి నాకు ఏమీ తెలియదు. ఆ తెలియకపోవడమే నా అర్హత. ఫార్మసీ కౌన్సిల్ వారి క్రమశిక్షణ కమిటీలో ముగ్గురుంటే, ఒకరు ఆ వృత్తితో సంబంధం లేని మామూలు మనిషై ఉండాలని నియమం. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రిటైరై, ఇంట్లో కూర్చుని మా ఆయన బుర్ర తింటున్న నన్ను ఎవరో ఆ కుర్చీకి సూచించారు. మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇద్దరికి లైను కలిపి తప్పుకోవడమే నా పని. వినకూడదు. అలా వినకుండా వినకుండా నాకొక జబ్బు పట్టుకుంది. మాట్లాడుకోవలసిన ఇద్దరు మాట్లాడుకోలేదంటే, ఎందుకో తెలిసేదాకా అన్నం సయించదు.

ఆ రోజు కేసు కాగితాల మీద చూస్తే చిన్నదే. కింద మందుల షాపు, పైన మేడ మీద ఒక డాక్టరు గారి క్లినిక్. కీళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడకు డాక్టరు ఒక మాత్ర ‘రోజూ ఒకటి’ అని చీటీ రాశాడు. కింద షాపు నడిపే ఫార్మసిస్టు అదే మాత్రను ‘వారానికి ఒకటి’ అని కవరు మీద రాసి ఇచ్చింది. నొప్పులు తగ్గకపోయేసరికి కొడుకు చీటీనీ కవరునీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. షాపామె మోసం చేసిందని ఫిర్యాదు పెట్టాడు. తప్పు రుజువైతే ఆమె రిజిస్ట్రేషన్ పోవచ్చు, షాపుకు తాళం పడుతుంది.

నాకు కొరుకుడు పడనిది ఒక్కటే. చీటీ మీద అనుమానం వస్తే డాక్టరును అడగాలి కదా. ఫోను కూడా అక్కర్లేదు, మెట్లెక్కితే చాలు. ఎందుకు ఎక్కలేదు?

విచారణకు వచ్చినవాళ్లతో కమిటీ సభ్యులు ముందుగా మాట్లాడకూడదు. నేను మాట్లాడలేదు. వరండాలో మంచినీళ్ల కుళాయి దగ్గర కాస్త నెమ్మదిగా నీళ్లు తాగాను, అంతే. పక్క బెంచీ మీద ఆ షాపామె కూర్చుని ఉంది. ముప్పై దాటిన మనిషి, కళ్ల కింద నలుపు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన ఆమెకు కమలాపండు వొలిచి పెడుతున్నాడు.

“తిను తల్లీ. ఖాళీ కడుపుతో వెళితే నోరు పెగలదు.”

“మామయ్యా, మీరు ఇక్కడే కూర్చోండి. ఎంతసేపైనా సరే, క్లినిక్కి మాత్రం వెళ్లకండి.”

“అక్కడ నా పేషెంట్లు ఎదురుచూస్తుంటారే! నేనిక్కడ చేసేదేముంది?”

“మీరుంటే నాకు ధైర్యం.”

“నేను వారానికే రాసుంటాను. ఆ అబ్బాయి సరిగ్గా చదువుకోలేక గోల చేస్తున్నాడు. లోపలికి పిలవమను, వచ్చి చెబుతాను.”

“పిలవరు మామయ్యా. మీరు లేవకండి.”

నీళ్లు పొలమారాయి నాకు. ఆ డాక్టరూ ఈ మామగారూ ఒకరేనన్నమాట. ఫిర్యాదులో ఈ చుట్టరికం ఎక్కడా లేదు. మేడ మెట్లే కాదు, ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడైనా అడగొచ్చు కదా ఈవిడ!

లోపల మా అధ్యక్షురాలు, ఒక పెద్ద ఆసుపత్రిలో మందుల విభాగానికి అధిపతి, ముందు ఫిర్యాదుదారుణ్ణి పలకరించింది. అతను బస్సు కండక్టరు, యూనిఫాంలోనే వచ్చాడు.

“అమ్మగారికి ఎలా ఉంది?”

“నొప్పులు నొప్పుల్లాగే ఉన్నాయి మేడం. ఇవ్వాల్సిన మందు ఇవ్వకపోతే ఎలా తగ్గుతాయి?”

“తగ్గడానికి ఇంకా టైం పడుతుంది. ఈ మాత్ర కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వెయ్యాలి. రోజూ వేసుకుంటే నోరంతా పుళ్లు పడి, రక్తం తగ్గిపోయి, మనిషి దక్కడమే కష్టం.”

కండక్టరు ఫార్మసిస్టు వైపు తిరిగాడు. “ఆ ముక్క నాకు చెప్పొచ్చుగా అమ్మా? నిన్ను దొంగనుకున్నాను.”

“చెప్పలేదండీ. తప్పు నాదే,” అందామె.

అధ్యక్షురాలు గొంతు తగ్గించింది. “మాత్ర సంగతిలో మీరు చేసింది సరైనదే. కానీ రాసినవాళ్లకు చెప్పకుండా చీటీ మార్చే హక్కు మనకు లేదు. అది మీకు నేను నేర్పక్కర్లేదు. డాక్టరు గారిని ఎందుకు అడగలేదు?”

“తప్పయింది మేడం.”

మూడో సభ్యుడు లాయరు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆయన ఎన్ని వైపుల నుంచి తిప్పి తిప్పి అడిగినా అదే జవాబు. తప్పయింది, తప్పయింది. నాకు ఒళ్లు మండింది. తప్పని ఒప్పుకున్నంత మాత్రాన నా అనుమానం తీరుతుందా?

“అయితే కొన్నాళ్లు సస్పెన్షన్ తప్పదు,” అంది అధ్యక్షురాలు.

అంతసేపూ తల వంచుకున్న మనిషి ఒక్కసారి లేచి నిలబడింది. “అది మాత్రం వద్దు మేడం! జరిమానా వెయ్యండి. నా తప్పు పేపర్లో వేయించండి. షాపు మాత్రం మూయించకండి.”

“ఆదాయం పోతుందనా?” అన్నాడు లాయరు.

“కాదండీ.”

“మరి?”

ఆమె మళ్లీ తల వంచుకుంది. ఇక నా వల్ల కాలేదు.

“చివరిసారి షాపు ఎప్పుడు మూశావమ్మా?” అని అడిగాను.

ఆమె ఆలోచించింది. “గుర్తులేదండీ.”

“ఆదివారాలు?”

“ఆదివారం కూడా క్లినిక్ ఉంటుంది.”

“జ్వరమొస్తే?”

“జ్వరంతోనే కూర్చుంటాను. మా చెల్లెలి పెళ్లికి కూడా వెళ్లలేదు.”

“మరి ఇవాళ మూశావుగా?”

ఆమె తలుపు వైపు చూసింది. ఆ చూపుతో నాకు అంతా అర్థమైంది. “ఆ పెద్దాయన్ని నువ్వు ధైర్యం కోసం తీసుకురాలేదు. నువ్వు కింద లేనప్పుడు ఆయన పైన చీటీ రాయకూడదు. అందుకే తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టావు.”

లాయరు నా వైపు ఓరగా చూశాడు, బెంచీ సంగతి నీకెలా తెలుసన్నట్టు. నేను ఫైలు తిరగేశాను.

ఆమె కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. ఇక తీగ లాగితే డొంకంతా కదిలింది. మామయ్యకు కొంతకాలంగా మరుపు. మనుషుల్ని గుర్తుపడతారు, జబ్బూ సరిగ్గానే చెబుతారు, చీటీ రాసే దగ్గరే తడబడతారు. మొదట్లో ఎప్పుడో ఒకటి. ఇప్పుడు రోజూ ఏదో ఒకటి. ఆమె కింద కూర్చుని దిద్దుకుంటూ వస్తోంది.

“కోడలికి చదువెందుకని ఇంట్లో అందరూ అన్నారు మేడం. ఆయనొక్కరే పట్టుబట్టి చదివించారు. హాస్టల్లో దింపి, దిండు మర్చిపోయానని మళ్లీ తెచ్చిచ్చారు. ఆయన తప్పు రాస్తున్నారని ఆయనతో ఏ నోటితో చెప్పను? మా ఆయనతో అంటే, నాన్న తట్టుకోలేడు, నువ్వే చూసుకో అన్నారు.”

నాకు జాలేసింది. కోపమూ వచ్చింది, ముఖ్యంగా ఆ మొగుడి మీద.

అంతలో కండక్టరు నెమ్మదిగా అన్నాడు: “బస్టాండు దగ్గర షాపులో చవగ్గా ఇస్తారు, అక్కడ కొనుక్కోమని ఆ రోజు అమ్మకు నేనే చెప్పి పంపాను. నడవలేక మీ దగ్గర తీసుకుంది.”

ఆమె ఏడుపు ఆగిపోయింది. బస్టాండు దాకా నడవగలిగినవాళ్లు ఇన్నాళ్లలో ఎంతమంది ఉంటారో ఆమె మొదటిసారి లెక్కేసుకుంటోందని చూస్తేనే తెలుస్తోంది.

“డాక్టర్ల కౌన్సిల్‌కు మేము ఉత్తరం రాయక తప్పదు,” అంది అధ్యక్షురాలు.

“మీ ఉత్తరం కంటే ముందు నన్ను చెప్పనివ్వండి,” అని ఆమె చీటీ అడిగి తీసుకుని బయటికి వెళ్లింది. తలుపు పూర్తిగా పడలేదు. వేద్దామనే లేచాను. వెయ్యలేదు.

పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని చీటీ చదివాడు. మళ్లీ చదివాడు.

“రోజూ అని ఉందేమిటి? ఎవరు రాశారిది?”

ఆయన కింద ఉన్న సంతకాన్ని బొటనవేలితో తడిమాడు. “నాదే,” అన్నాడు. చీటీ మడిచి, “ఇలాంటివి ఇంకా ఉన్నాయా?”

“ఉన్నాయి మామయ్యా.”

“నువ్వు దిద్దావా?”

“నా దగ్గరికి వచ్చినవి దిద్దాను.”

“రానివి?”

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, “అప్పుడే చెప్పాల్సింది తల్లీ. నేను నిన్ను చదివించింది నాకు అడ్డం చెప్పడానికి కూడా,” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేదేమో.

తర్వాత ఆయన లేచి, మేము పిలవకుండానే లోపలికి వచ్చాడు. చీటీ బల్ల మీద పెట్టాడు. “డాక్టర్ల కౌన్సిల్‌కు మీరు రాస్తారని తెలుసు, రాయక్కర్లేదమ్మా. నా మీద ఫిర్యాదు నేనే ఇచ్చుకుంటాను. ఇవాళ్టి నుంచి క్లినిక్ మూసేశాను. బయట కొనుక్కున్నవాళ్లను ఇంటింటికీ వెళ్లి కనుక్కోవాలి. దానికి నా కోడలు కావాలి.”

ఆమె ఆయన వెనకే గుమ్మంలో నిలబడి ఉంది. ముక్కు తుడుచుకుని అధ్యక్షురాలి వైపు చూసింది.

“ఇప్పుడు సస్పెండ్ చెయ్యండి మేడం. ఎన్నాళ్లైనా ఫర్వాలేదు,” అంది.

అధ్యక్షురాలు నెల రోజులు రాసింది. నేనూ సంతకం చేశాను.